మా ఊరి ఎక్స్ఛేంజికి ఫోన్ ధరల నియంత్రణ ఎత్తేశారట. ల్యాండ్‌లైన్ ఉంచుకోవాలా, తీసేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: కెనడాలో, ఒంటారియోలోని ఒక చిన్న టౌనుకి తొమ్మిది కిలోమీటర్ల అవతల, పొలాల మధ్య ఇల్లు. అత్తగారూ మామగారూ మీతోనే ఉంటారు, పగలు ఇంట్లో వాళ్లిద్దరే. ఫోన్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మీ ఎక్స్ఛేంజిలో, అంటే ఒకే టెలిఫోన్ ఎక్స్ఛేంజి కింద వచ్చే ప్రాంతంలో, పోటీ సరిపడా ఉందని సీఆర్‌టీసీ (కెనడా టెలికాం నియంత్రణ కమిషన్) ఇళ్ల లోకల్ ఫోన్ సేవ మీద నియంత్రణ ఎత్తేసిందని అందులో ఉంది. బిల్లు పెరుగుతుందా, లైను పీకేస్తారా, ఇప్పుడే మొబైల్‌కి మారిపోతే పోలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. నియంత్రణ ఎత్తేసినంత మాత్రాన లైను పీకేయరు. ఒంటరి బేసిక్ లైను ధర రాత్రికి రాత్రి పెరిగిపోదు. కానీ మీ ఇంటికి కేబుల్ వస్తుందో లేదో, మొబైల్ సిగ్నల్ ఎంతుందో, కరెంటు పోయినప్పుడు ఏది పనిచేస్తుందో స్వయంగా చూసుకునే దాకా ల్యాండ్‌లైన్ తీసేయకండి. "పోటీ ఉంది" అని కమిషన్ అన్నది మీ ఎక్స్ఛేంజి మొత్తాన్ని చూసి. మీ ఇంటిని చూసి కాదు. ఈ తేడా తెలిస్తే మిగతా ప్రశ్నలకు జవాబు మీకే దొరుకుతుంది.

అసలు ఏం ఎత్తేశారు?

కెనడా టెలికమ్యూనికేషన్స్ చట్టం 1993 నాటిది. దాని 34వ సెక్షన్ ప్రకారం, వినియోగదారుల ప్రయోజనాలను కాపాడేంత పోటీ ఒక సేవకు ఉందని తేలితే, కమిషన్ ఆ సేవను నియంత్రించకుండా ఆగిపోవాలి. ఇంగ్లీషులో దీన్ని ఫర్‌బేరెన్స్ అంటారు. చట్టం రద్దు కావడం కాదిది, అధికారం చేతిలో ఉంచుకునే దాన్ని వాడకుండా ఊరుకోవడం. ముఖ్యంగా ఆగిపోయేది 25వ సెక్షన్ పని, అంటే ప్రతి రేటునూ టారిఫ్‌గా ముందే దాఖలు చేసి అనుమతి తెచ్చుకోవడం. ఇకమీదట కంపెనీ ధర మార్చాలంటే కమిషన్ దగ్గరికి వెళ్లక్కర్లేదు. మీకు నోటీసు ఇస్తే చాలు.

ఈ మాట మన దేశానికీ కొత్త కాదు. భారత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా ఇదే పదం వాడుతుంది. అక్కడ మొబైల్ టారిఫ్‌లలో చాలా భాగాన్ని కంపెనీలకు వదిలేసి, పల్లెల ల్యాండ్‌లైన్ రేటును మాత్రం నియంత్రణలోనే ఉంచారు. కెనడా పల్లె ల్యాండ్‌లైన్‌ను కూడా వదిలేయొచ్చంది, కాకపోతే ఎక్స్ఛేంజి తర్వాత ఎక్స్ఛేంజి, పరీక్ష పెట్టి మరీ.

ఆ పరీక్ష ఏమిటి?

లోకల్ ఫోన్‌లో పోటీకి తలుపులు తెరిచింది 1997లో. నియంత్రణ ఎప్పుడు ఎత్తేయాలో చెప్పే చట్రం 2006 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటి లెక్క ప్రకారం పాత కంపెనీ (మొదటి నుంచీ ఆ ఊరికి ల్యాండ్‌లైన్ ఇస్తున్నది) తన మార్కెట్‌లో 25 శాతం వాటా పోగొట్టుకుని ఉండాలి. అంటే జనం నిజంగా వేరే కంపెనీకి మారి ఉండాలి. ఏడాది తిరక్కుండానే, 2007 ఏప్రిల్‌లో, కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి ఆ లెక్కను మార్చేసింది. అప్పటి పరిశ్రమల మంత్రి మాక్సిమ్ బెర్నియే. కొత్త లెక్కలో ఎంతమంది మారారన్నది కాదు, మారాలనుకుంటే మారగలరా అన్నది చూస్తారు. మార్కెట్ హద్దు కూడా పెద్ద ప్రాంతం కాకుండా ఒక్కో ఎక్స్ఛేంజి అయింది.

ఇళ్ల ఫోన్‌కి ఇప్పుడు చూసేవి ఇవి:

- పాత కంపెనీ కాకుండా, దానితో సంబంధం లేని కంపెనీలు కనీసం రెండు ఉండాలి. రెండింటికీ సొంత నెట్‌వర్క్ ఉండాలి. మొబైల్ కంపెనీ కూడా లెక్కలోకి వస్తుంది.
- ఆ రెండింటిలో కనీసం ఒకటి తీగతో ఇంటికి వచ్చేది కావాలి. ఆచరణలో కేబుల్ కంపెనీ అన్నమాట.
- ఎక్స్ఛేంజిలో పాత కంపెనీ ఇవ్వగల ఇళ్ల లైన్లలో 75 శాతానికి ఒక్కో పోటీదారూ సేవ ఇవ్వగలగాలి.
- పోటీ కంపెనీలకు పాత కంపెనీ ఇచ్చే సేవల నాణ్యత గత ఆరు నెలల్లో ప్రమాణానికి తగ్గట్టు ఉండాలి.
- వినియోగదారులకు ఈ మార్పును ఎలా తెలియజేస్తారో చెప్పే ప్రణాళికకు కమిషన్ ఆమోదం ఉండాలి. మీకొచ్చిన ఉత్తరం దాని ఫలితమే.

ఇతరుల లైన్లు కొని తిరిగి అమ్మే కంపెనీలు ఈ లెక్కలోకి రావు. ఇంటర్నెట్ మీద నడిచే వోనేజ్ లాంటి సేవలు కూడా సొంత తీగ ఉన్న పోటీదారుగా లెక్కకు రావు. పాత కంపెనీ సొంత మొబైల్ విభాగాన్నీ కలపరు. ఒకే గూటికి చెందిన కేబుల్, మొబైల్ రెండూ ఉంటే వాటిని ఒక్కటిగానే చూడాలి.

75 శాతంలో ఉన్న చిక్కు

ఉదాహరణకి మీ ఎక్స్ఛేంజిలో 1,200 ఇళ్ల లైన్లు ఉన్నాయనుకుందాం. కేబుల్ కంపెనీ 920 ఇళ్లకు ఇవ్వగలదు, అంటే 76.7 శాతం. ఇంకో మొబైల్ కంపెనీ సిగ్నల్ 1,150 ఇళ్లకు అందుతుంది. పరీక్ష పాసయింది. నియంత్రణ 1,200 ఇళ్లకూ పోతుంది, కేబుల్ అందని 280 ఇళ్లతో సహా. ఆ 280 ఇళ్లు ఊరంతా చెదురుమదురుగా ఉండవు. టౌను నడిబొడ్డులో, స్తంభాల వెంట, ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉన్నచోట కేబుల్ ఉంటుంది. కిలోమీటరుకు రెండు మూడు ఇళ్లున్న కాన్సెషన్ రోడ్ల (పొలాల మధ్య పోయే పల్లె రోడ్ల) మీద ఉండదు, ఎందుకంటే అక్కడ తీగ లాగితే పెట్టుబడి తిరిగి రాదు. కాబట్టి లెక్కలో మిగిలిపోయే పావు వంతు ఎప్పుడూ ఒకే రకం ఇళ్లు. మీరు చెప్పిన తొమ్మిది కిలోమీటర్ల దూరాన్ని బట్టి చూస్తే మీరు ఆ పావులోనే ఉన్నారని నా అనుమానం.

మొబైల్ లెక్కలో ఇంకో తిరకాసు. కవరేజి మ్యాపు ఆరుబయట, కొంత ఎత్తులో అందే సిగ్నల్‌ను కంప్యూటర్‌తో అంచనా వేసి గీసింది. రేకు పైకప్పు, ఇన్సులేషన్‌కి ఫాయిల్ తొడిగిన గోడ, వేడిని ఆపే లో-ఈ పూత ఉన్న కిటికీ అద్దం, వీటిలో ఒక్కోటీ సిగ్నల్‌ను బాగా తినేస్తుంది. దానికితోడు బెల్, టెలస్ అనే రెండు మొబైల్ కంపెనీలు 2009 నుంచి ఒకదాని నెట్‌వర్క్‌ను ఒకటి పంచుకుంటున్నాయి. తూర్పున ప్రధానంగా బెల్ కట్టిందే టెలస్ వాడుతుంది, పశ్చిమాన టెలస్ కట్టింది బెల్ వాడుతుంది. బెల్ ఫోన్‌లో సిగ్నల్ లేకపోతే టెలస్ సిమ్ కొన్నా అదే కథ. బోర్డు మీద రెండు పేర్లుంటాయి, టవరు ఒకటే. కాగితం మీది పోటీకీ మీ పెరట్లో ఉన్న పోటీకీ తేడా ఇక్కడే వస్తుంది.

ఇంకొకటి కూడా తెలుసుకోండి. ఒకసారి ఎత్తేశాక, పోటీ తగ్గిపోతే నియంత్రణ తనంతట తాను తిరిగి రాదు. 2023 ఏప్రిల్‌లో రోజర్స్ కంపెనీ షా కేబుల్‌ను కొనేసింది. పశ్చిమ రాష్ట్రాల్లో అంతకుముందు రెండు వేర్వేరు పోటీదారులుగా ఉన్నవి ఒకే ఇంటివైపోయాయి. అక్కడ ఎప్పుడో నియంత్రణ ఎత్తేసిన ఎక్స్ఛేంజీలకు మళ్లీ పరీక్ష కావాలంటే ఎవరో ఒకరు దరఖాస్తు పెట్టాలి, కమిషన్ ఒప్పుకోవాలి. నన్నడిగితే ఈ చట్రంలో పెద్ద లోటు ఇదే.

మరి బిల్లు?

2006 చట్రంలో ఒక రక్షణ పెట్టారు. బండిల్‌లో (ఫోన్, ఇంటర్నెట్ లాంటివి కలిపి అమ్మే ప్యాకేజీలో) లేని, ఏ అదనపు ఫీచరూ లేని ఒంటరి బేసిక్ ఇంటి లైనుకు, నియంత్రణ ఎత్తేసిన నాటికున్న రేటే గరిష్ఠ పరిమితి. తర్వాత వచ్చిన విధానాలతో ఈ అంకెలు కదులుతూ వచ్చాయి. ఉదాహరణకి 2011లో, ఖర్చెక్కువ ఉన్న గ్రామీణ ఎక్స్ఛేంజీలలో ఇంకా నియంత్రణలో ఉన్న బేసిక్ రేట్లను దశలవారీగా 30 డాలర్ల దాకా తీసుకెళ్లడానికి దారి ఇచ్చారు. అందుకని మీ ఎక్స్ఛేంజి పేరుతో వచ్చిన నిర్ణయాన్ని సీఆర్‌టీసీ సైటులో తెరిచి, దాని చివరి అనుబంధంలో ఏయే సేవల పేర్లున్నాయో చూడండి. నియంత్రణ ఎత్తేసిన సేవల జాబితా అక్కడే ఉంటుంది.

పరిమితి లేనివేమిటో కూడా గమనించండి. కాల్ డిస్‌ప్లే (ఎవరు చేస్తున్నారో చూపేది), వాయిస్ మెయిల్, కాల్ వెయిటింగ్‌ల ధర కంపెనీ ఇష్టం. ఇంటర్నెట్‌తో కలిపిన బండిల్ ధర కూడా అంతే. నియంత్రణ ఉన్నప్పుడు ఒకే బ్యాండులోని (ధరల కోసం ఒకే గుంపుగా చూసే) ఎక్స్ఛేంజీలకు వేర్వేరు ధరలు పెట్టే వీలుండేది కాదు. ఇప్పుడు పక్క ఎక్స్ఛేంజికి ఒక ధర, మీకు ఒక ధర పెట్టొచ్చు. టౌనులో కేబుల్‌కి వెళ్లిపోతానన్న వాళ్లకు తగ్గింపు ఇచ్చి, కేబుల్ అందని వాళ్లకు ఇవ్వకపోవచ్చు కూడా.

సాధారణంగా బిల్లు పెరిగేది ఇలా: ఏడాది తగ్గింపుతో బండిల్ ఇస్తారు. మీరు ఒంటరి లైను నుంచి బండిల్‌కి మారతారు. ఏడాది అయ్యాక తగ్గింపు పోతుంది, మధ్యలో ఒకట్రెండు సార్లు రేటు సవరిస్తారు. వెనక్కి ఒంటరి లైనుకు వెళ్దామంటే, అటువైపు ఫోన్ ఎత్తిన అమ్మాయికి ఆ ప్లాను ఒకటుందనే తెలియదు. అప్పుడు "స్టాండ్-అలోన్ ప్రైమరీ ఎక్స్ఛేంజ్ సర్వీస్" అని ఆ పేరే పలికి అడగండి. "బేసిక్ ప్లాన్" అంటే వాళ్ల దగ్గరున్న బండిల్స్‌లో చవకది చూపిస్తారు.

ఏవి అలాగే ఉంటాయి

24వ సెక్షన్ కింద షరతులు పెట్టే అధికారాన్ని కమిషన్ తన దగ్గరే ఉంచుకుంటుంది. 911 (అత్యవసర ఫోన్ నంబరు) అందుబాటు, వినికిడి ఇబ్బంది ఉన్నవారికి మధ్యలో ఒకరు మాటలు అందించే రిలే సేవ, మీ వివరాల గోప్యత, వీటికి ఢోకా లేదు. లోకల్ ఫోన్, ఇంటర్నెట్, టీవీ సేవలను ఆపుకోవడానికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నియమాన్ని 2015 జనవరి 23 నుంచి కంపెనీలు పెట్టకూడదు. బిల్లు కట్టలేదని లైను ఆపాలంటే 14 రోజుల ముందు నోటీసు, మళ్లీ ఆపబోయే ముందు 24 గంటల హెచ్చరిక ఇవ్వాలి. గొడవ వస్తే 2007లో ఏర్పడిన సీసీటీఎస్ అనే ఫిర్యాదుల సంస్థకు వెళ్లొచ్చు. దానికి రుసుము లేదు. కాకపోతే ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి ఉండాలి. ఆ తేదీ, మాట్లాడిన వ్యక్తి పేరు, రిఫరెన్స్ నంబరు రాసి పెట్టుకోండి. ధర ఎక్కువగా ఉందన్న ఫిర్యాదును సీసీటీఎస్ పట్టించుకోదు. ఒప్పుకున్న ధర ఒకటి, వేసింది ఒకటి అయితే పట్టించుకుంటుంది.

మీ ఇంటికి మీరే పెట్టుకోవాల్సిన పరీక్ష

ఇక అసలు పని. వరసగా చేయండి.

మొదట కేబుల్. సైటులో పిన్‌కోడ్ కొట్టి "అందుబాటులో ఉంది" అని చూసి నమ్మొద్దు. గ్రామీణ పిన్‌కోడ్ ఒక్కటే కొన్ని వందల ఇళ్లకు ఉంటుంది. పూర్తి సివిక్ అడ్రసు, అంటే గేటు దగ్గర బోర్డు మీదున్న 911 నంబరుతో (అత్యవసర సేవలు ఇల్లు గుర్తుపట్టే నంబరుతో) సహా చెప్పి, లైను వేయడానికి ఖర్చెంతో రాతపూర్వకంగా అడగండి. "వేస్తాం, కానీ రోడ్డు నుంచి ఇంటి దాకా తవ్వకం ఖర్చు మీది" అనడం మామూలే. మీ డ్రైవ్‌వే పొడవును బట్టి అది వేల డాలర్లు కావచ్చు.

తర్వాత మొబైల్. ఫోన్‌లో కనిపించే గీతలు కాదు, సెట్టింగుల్లో సిగ్నల్ బలం చెప్పే డీబీఎం అంకె చూడాలి. ఎల్‌టీఈకి (4జీకి) -100 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే ఇంట్లో మాట్లాడుకోవచ్చు. -110 కంటే తగ్గితే మాట తెగిపోతుంది. -120 దగ్గర ఫోన్ మోగకుండానే వాయిస్ మెయిల్‌కి పోతుంది. మీ మామగారు పడుకునే గదిలో, వంటింట్లో, బేస్‌మెంటులో విడివిడిగా చూడండి. ఆకులు రాలిన నవంబరులో చూస్తే ఒక అంకె, జులైలో చూస్తే ఇంకొకటి వస్తుంది. చెట్ల మధ్య ఇల్లయితే వేసవి అంకెనే నమ్మండి. సిగ్నల్ పెంచే బూస్టరు కొంటే కెనడాలో అనుమతి ఉన్న మోడలే కొనండి. బయట యాంటెనాకూ లోపలి యాంటెనాకూ మధ్య ఎడం చాలకపోతే బూస్టరు తన సిగ్నల్‌నే తాను విని కేకలేస్తుంది, లేదా తనంతట ఆగిపోతుంది. ఎత్తులో ఆరేడు మీటర్ల తేడా ఉంటే ఆ గొడవ తక్కువ.

మూడోది కరెంటు. అందరూ మరిచిపోయేది ఇదే. పాత రాగి లైనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వస్తుంది, -48 వోల్టులు. అక్కడ బ్యాటరీలూ, జనరేటరూ ఉంటాయి. అందుకే మంచు తుపానులో ఊరంతా చీకటైనా తీగ ఫోన్ మోగుతుంది. కానీ అది కార్డ్‌లెస్ ఫోన్ కాకూడదు. కార్డ్‌లెస్ బేస్‌కి గోడ కరెంటు కావాలి. పదిహేను డాలర్ల తీగ ఫోన్ ఒకటి కొని గోడకు తగిలించండి. మీ లైను ఎక్స్ఛేంజి నుంచి నేరుగా వస్తోందా, రోడ్డు పక్క క్యాబినెట్ (పరికరాల పెట్టె) నుంచా అని టెక్నీషియన్ని అడగండి. క్యాబినెట్ అయితే దాని బ్యాటరీ ఉన్నంతసేపే. కంపెనీ మీకు ఫైబర్ వేసి ఉంటే ఈ సౌకర్యం లేనట్టే, గాజు తీగలో కరెంటు రాదు.

తొమ్మిది కిలోమీటర్లు రాగికి చాలా దూరం. 26 గేజ్ (సన్న) తీగ జత కిలోమీటరుకు 270 ఓములకు పైగా నిరోధం చూపుతుంది. 1,300 ఓముల హద్దు పెట్టుకుంటే ఐదు కిలోమీటర్లు కూడా పోదు. అందుకని దూరపు ఇళ్లకు 22 గేజ్ లాంటి లావు తీగ వేసి, సుమారు 1.8 కిలోమీటర్లకొకటి లోడ్ కాయిల్ (మాట దూరం దాకా స్పష్టంగా వెళ్లేలా చేసే తీగచుట్ట) పెడతారు, లేదా మధ్యలో క్యాబినెట్ పెడతారు. లోడ్ కాయిల్ ఉన్న లైను మీద మాట చక్కగా వినిపిస్తుంది, ఫోన్ తీగ మీదే నడిచే డీఎస్ఎల్ ఇంటర్నెట్ మాత్రం రాదు. మీ ఇంటికి డీఎస్ఎల్ ఇవ్వలేమన్నారంటే కారణం చాలావరకు ఇదే. ఇలాంటి లైన్ల నిర్వహణ ఖర్చు ఎక్కువ, పైగా గ్రామీణ వాయిస్ సేవకు వచ్చే సబ్సిడీని 2019 నుంచి దశలవారీగా తగ్గించి 2021 చివరికి ఆపేశారు. కొత్త డబ్బంతా బ్రాడ్‌బ్యాండ్ వైపు మళ్లింది. కాబట్టి లైను పీకరు గానీ, చెడిపోతే బాగుచేయడానికి పట్టే రోజులు మెల్లగా పెరుగుతాయి. వాన పడ్డ మర్నాడు లైనులో గరగరమని చప్పుడొస్తే ఆ రోజే ఫిర్యాదు చేయండి. తడిసిన తీగ జాయింట్ ఎండిపోయాక టెక్నీషియన్ వస్తే "లోపం కనిపించలేదు" అని రాసి వెళ్లిపోతాడు.

మారాలనుకుంటే ఏ దారి

కేబుల్ ఫోన్: ఇంట్లో మోడెమ్, వీధిలో యాంప్లిఫయర్లు, రెండింటికీ కరెంటు కావాలి. మోడెమ్, ఫోన్ అడాప్టర్ కలిపి 15 వాట్లు తింటాయనుకుంటే, 12 వోల్టులు 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉన్న చిన్న యూపీఎస్ రెండున్నర, మూడు గంటలు లాగుతుంది. బ్యాటరీలో ఉన్నది 84 వాట్-అవర్లే అయినా, దాన్ని ఏసీగా మార్చి మళ్లీ డీసీ చేయడంలో చాలా పోతుంది. నేరుగా 12 వోల్టులిచ్చే డీసీ యూపీఎస్ అయితే అదే బ్యాటరీ నాలుగు గంటలకు దగ్గరగా వస్తుంది. పెద్ద యూపీఎస్ కొనే ముందు ఒక మాట: వీధిలోని కేబుల్ పరికరాల బ్యాటరీ రెండు, నాలుగు గంటల్లో అయిపోతే మీ ఇంట్లో పది గంటల బ్యాటరీ ఉండి లాభం లేదు.

స్టార్‌లింక్ (ఉపగ్రహం నుంచి వచ్చే ఇంటర్నెట్) మీద ఇంటర్నెట్ ఫోన్: మాట బాగానే ఉంటుంది. డిష్ 50 నుంచి 100 వాట్ల దాకా తింటుంది కాబట్టి పై యూపీఎస్ ముప్పావుగంట దాటదు. జనరేటరు ఉంటేనే ఇది పెద్దవాళ్లున్న ఇంటికి సరిపోతుంది.

వైర్‌లెస్ హోమ్ ఫోన్ బాక్సు: మొబైల్ సిగ్నల్‌తో నడుస్తూ మామూలు ఫోన్ గుచ్చుకునే సాకెట్ ఇస్తుంది. లోపల కొన్ని గంటల బ్యాటరీ ఉంటుంది. సిగ్నల్ బాగున్న ఇంటికి ఇది చవకైన మార్గం. అలారం, ఫ్యాక్సు దీని మీద నమ్మకంగా పనిచేయవు.

911 విషయంలో తేడా బాగా తెలుసుకోండి. రాగి లైను, కేబుల్ ఫోన్ రెండిట్లోనూ మీ అడ్రసు 911 వాళ్ల తెరమీద దానంతటదే కనబడుతుంది. ఎక్కడికైనా తీసుకెళ్లగలిగే ఇంటర్నెట్ ఫోన్ అయితే కాల్ ముందు మధ్యలో ఒక ఆపరేటరుకు పోతుంది, "ఎక్కడున్నారు?" అని అడిగి అప్పుడు కలుపుతారు. అడ్రసును ఖాతాలో నమోదు చేసి, మారినప్పుడల్లా మార్చాల్సిన పూచీ మీది. ఏ ఫోన్ ఉంచినా సరే, గేటు నంబరూ రోడ్డు పేరూ తెలుగులో, పలికేది పలికినట్టు, పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పైన అతికించండి. ఖంగారులో అత్తగారికి ఇంగ్లీషు స్పెల్లింగు గుర్తుకు రాదు.

నంబరు మార్చుకునేటప్పుడు తప్పులు

పాత లైనును మీరు ఆపించకండి. కొత్త కంపెనీకే నంబరు తెచ్చుకునే పని అప్పజెప్పండి, నంబరు మారగానే పాత లైను దానంతట ఆగిపోతుంది. ముందే ఆపిస్తే నంబరు పోయినట్టే. పేరు, అడ్రసు, ఖాతా నంబరు పాత బిల్లులో ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా ఇవ్వాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న చిక్కు మనవాళ్లకు ఎక్కువ. లైను మామగారి పేరున ఉండి దరఖాస్తు మీ పేరున పెడితే తిరస్కరిస్తారు.

గ్రామీణ నంబర్లన్నీ అందరికీ తీసుకెళ్లడానికి వీలుకావు. కొత్త కంపెనీకి మీ ఎక్స్ఛేంజి ప్రాంతంలో ఏర్పాటు లేకపోతే వేరే నంబరు ఇస్తారు. అది పక్క నగరం నంబరైతే, ల్యాండ్‌లైన్ వాడే మీ ఇరుగుపొరుగుకు మీకు ఫోన్ చేయడం ఎస్‌టీడీ అవుతుంది. కొత్త నంబరు ఏ ఎక్స్ఛేంజి కింద వస్తుందో ముందే అడగండి.

ఇంట్లో దొంగల అలారం, మామగారి మెడలో వేసుకునే అత్యవసర బటన్, సెప్టిక్ ట్యాంకు హెచ్చరిక డయలర్ లాంటివి ఉంటే లైను మార్చే ముందు ఆ కంపెనీలకు చెప్పండి. అలారం ప్యానెల్ ఇంట్లోని మిగతా ఫోన్లకంటే ముందు లైనుకు తగులుకోవాలి. అప్పుడే ఎవరో ఫోన్ పక్కన పెట్టి మరిచినా అది లైను లాక్కుని మోగించగలుగుతుంది. కేబుల్ మోడెమ్‌ను హాల్లో పెట్టి ఒక ఫోన్ గుచ్చేసి వెళ్లిపోతే ఈ వైరింగు తెగిపోతుంది, అలారం మాత్రం పచ్చలైటు చూపిస్తూనే ఉంటుంది. మార్చిన రోజే టెస్టు సిగ్నల్ పంపించి, అటువైపు అందిందని చెప్పించుకోండి.

మీ ఎక్స్ఛేంజిలో దరఖాస్తు ఇంకా పెండింగులో ఉంటే (మీకు కాదు, ఇది చదివే మిగతావాళ్లకు): దరఖాస్తు సైటులో పెట్టిన నాటి నుంచి సాధారణంగా 30 రోజుల్లోపు ఎవరైనా అభిప్రాయం దాఖలు చేయొచ్చు. "ధరలు పెరుగుతాయి" అని రాస్తే పని జరగదు, పరీక్షలో ఆ ప్రశ్నే లేదు. 75 శాతం అంకెను కదిలించే ఆధారం కావాలి. మీ రోడ్డు మీది ఇళ్ల అడ్రసులు, కేబుల్ కంపెనీ ఇవ్వలేమన్న ఉత్తరాలు, ఇంటింటా తీసిన సిగ్నల్ అంకెలు జత చేయండి. అంకె 76, 77 దగ్గర ఉన్న చిన్న ఎక్స్ఛేంజిలో ఇరవై ముప్ఫై ఇళ్లు తేలినా ఫలితం తారుమారవుతుంది. 90 దాటితే ఆ శ్రమ దండగ.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి: అక్కడ ఇది రాష్ట్రాల చేతిలో ఉంది, పోరు కూడా ధర మీద కంటే "చివరి దిక్కుగా సేవ ఇచ్చే బాధ్యత" మీదే. ఆ బాధ్యత నుంచి తప్పుకుంటామన్న ఏటీ అండ్ టీ ఫోన్ కంపెనీ దరఖాస్తును కాలిఫోర్నియా కమిషన్ 2024 జూన్‌లో తోసిపుచ్చింది. మీ రాష్ట్రం నియమం వేరుగా ఉండొచ్చు.

మీ సంగతికొస్తే, నేనైతే ఇలా చేస్తాను: బండిల్‌లో ఉంటే అందులోంచి బయటికొచ్చి ఒంటరి బేసిక్ లైను ఉంచుకుంటాను, కాల్ డిస్‌ప్లే తప్ప మిగతా ఫీచర్లు తీసేయిస్తాను, గోడకు తీగ ఫోన్ తగిలిస్తాను. మొబైల్ అంకెలు వేసవిలో ఒకసారి, శీతాకాలంలో ఒకసారి చూసుకుని ఏడాది తర్వాత మళ్లీ ఆలోచిస్తాను. మీరు ఆ మూడు గదుల డీబీఎం అంకెలూ, మీ ఉత్తరంలో ఉన్న నిర్ణయం నంబరూ ఇక్కడ పెడితే, వైర్‌లెస్ బాక్సు సరిపోతుందో లేదో చెప్పగలను.